టెంటులో మొదటి రాత్రి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: డిసెంబరు మూడో వారంలో మా కుటుంబమంతా లంబసింగి వెళ్లి ఒక రాత్రి టెంట్లలో ఉండాలని అనుకుంటున్నాం. నేను, మావారు, పదకొండేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి, అరవై ఆరేళ్ల మా అత్తగారు, మొత్తం ఐదుగురం. మాలో ఎవరూ ఇంతవరకు టెంటులో పడుకోలేదు. క్యాంపు నడిపేవారు జాగా, బాత్‌రూములు, చలిమంట తామే చూస్తామని, టెంటు, పక్కబట్టలు మేమే తెచ్చుకుంటే డబ్బు తగ్గిస్తామని చెప్పారు. మావారు ఇప్పటికే ఒక టెంటు కొన్నారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, బీపీ ఉన్నాయి. వంటకు ఏం పట్టుకెళ్లాలి, స్టవ్ ఎలాంటిది తీసుకోవాలి, పాములకు, జంతువులకు ఎంత భయపడాలి, ఏమేం సర్దుకోవాలి, దయచేసి వివరంగా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరంలో వంట గురించి, స్టవ్ గురించి, పాముల గురించి అడిగారు గాని నిద్ర గురించి ఒక్క మాట కూడా అడగలేదు. మొదటిసారి వెళ్లే కుటుంబాలు దాదాపు అన్నీ ఇలాగే ఆలోచిస్తాయి. తిండికి నాలుగు సంచులు సర్దుకుంటారు, పక్కలకు ఇంట్లో ఉన్న దుప్పట్లు చాలనుకుంటారు. తీరా చూస్తే తిండి తక్కువై ఇబ్బంది పడినవారు తక్కువ, రాత్రి రెండు గంటలకు లేచి తెల్లవార్లూ కారులో హీటరు వేసుకుని కూర్చున్నవారు ఎక్కువ. అందుకే మీరు అడిగినవాటి కంటే ముందు అడగని దానికే జవాబు చెబుతాను.

లంబసింగి సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోవడం మామూలే. కొన్ని రోజుల్లో సున్నాకు దగ్గరగా కూడా వెళుతుంది. ఆ ఊరికి కొర్రబయలు అనే మరో పేరు ఉంది. బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రులా, అంటే కట్టెలా, బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. గాజువాకలో డిసెంబరు చలికి ఒక దుప్పటి కప్పుకుని పడుకునే మనకు ఆ పేరులోని హెచ్చరిక అక్కడ ఒక రాత్రి గడిపితే గాని పూర్తిగా అర్థం కాదు.

మా ఇంటి అనుభవం చెబుతాను. చాలా ఏళ్ల క్రితం మేము నలుగురం మొదటిసారి ఏజెన్సీలో టెంటు వేసుకున్నప్పుడు ఏడు ఉన్ని రగ్గులు పట్టుకెళ్లాం. ఒక జంపఖానా కింద పరిచి, ఏడు రగ్గులూ మీద కప్పుకున్నాం. ఒంటి గంట దాటేసరికి మా అమ్మాయి వణకడం మొదలుపెట్టింది. ఇంకో శాలువా తీసి కప్పాను, తగ్గలేదు. టార్చి వేసి, దాని వీపు కింద చేయి పెట్టి చూస్తే జంపఖానా నీళ్లలో తడిపి పిండినంత చల్లగా ఉంది. మీద ఉన్న రగ్గులు మాత్రం వెచ్చగానే ఉన్నాయి. అందరినీ లేపి, నాలుగు రగ్గులు మడతలు పెట్టి కింద పరిచి, మిగిలిన మూడింటిని నలుగురం కప్పుకుంటే అరగంటలో పిల్లలు నిద్రపోయారు. అదే సామాను, అదే చలి. పైనున్నది కిందికి మారింది, అంతే.

దీనికి కారణం తేలికగానే అర్థమవుతుంది. రగ్గుగాని, బొంతగాని మనకు వెచ్చదనం ఇచ్చేది దాని పోగుల మధ్య నిలిచి ఉన్న గాలి వల్ల. మీద కప్పుకున్నప్పుడు ఆ గాలి అలాగే ఉంటుంది. మన బరువు పడి నలిగినప్పుడు అది బయటికి పోతుంది, ఆ తర్వాత నేల మన ఒంటి వేడిని రాత్రంతా లాగుతూనే ఉంటుంది. అందువల్ల నలగని వస్తువు కింద ఉండాలి. వ్యాయామానికి, యోగాకు వాడే ఫోము మ్యాట్లు, పిల్లలు ఆడుకోవడానికి ఒకదానికొకటి బిగించి నేల మీద పరిచే రబ్బరు లాంటి పలకలు ఈ పనికి చక్కగా పనికొస్తాయి. మొదట మ్యాటు, దాని మీద మందమైన బొంత, ఆపైన మనిషి, ఆ మీద రగ్గుగాని స్లీపింగ్ బ్యాగుగాని. గాలి ఊది వేసుకునే పరుపు మెత్తగా ఉంటుందని చాలామంది కొంటారు గాని, మామూలు రకం పరుపులో గాలి అటూ ఇటూ కదులుతూ నేల చల్లదనాన్ని పైకి తెస్తూనే ఉంటుంది. అది తప్పనిసరి అనుకుంటే దాని మీద కూడా ఫోము మ్యాటు పరచండి.

స్లీపింగ్ బ్యాగులు కొనేటట్టయితే వాటి మీద ముద్రించిన రెండు అంకెలను జాగ్రత్తగా చూడండి. కంఫర్ట్ అని రాసిన ఉష్ణోగ్రత వరకు హాయిగా నిద్రపోవచ్చు. లిమిట్ అని రాసినది ముడుచుకుని పడుకుని ఎలాగో రాత్రి గడపగల హద్దు మాత్రమే. దుకాణంవారు పెద్ద అక్షరాలతో చూపేది చాలాసార్లు రెండోదే. మీ ప్రయాణానికి కంఫర్ట్ అంకె అయిదు డిగ్రీలుగాని అంతకంటే తక్కువగాని ఉండాలి.

పడుకునే ముందు లోపలి బట్టలతో సహా అన్నీ మార్చి పొడివి వేసుకోవడం ఎంతో ముఖ్యం. పగలంతా ఆడిన పిల్లల బనియన్లు, మేజోళ్లు చెమటతో కొద్దిగా తడిసి ఉంటాయి. చేతికి తెలియనంత తడి అయినా రాత్రి చలికి అదే ఒళ్లు చల్లబరుస్తుంది. నిద్ర బట్టలను ఒక ప్లాస్టిక్ సంచిలో విడిగా కట్టి, రాత్రి వరకు విప్పకండి. తలకు మంకీ క్యాపు తప్పనిసరి. గట్టి మూత ఉన్న స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, పడుకునే అరగంట ముందే పక్కలో పెడితే పిల్లలు చల్లని పక్కలోకి దూరాల్సిన అవసరం ఉండదు.

ఒక్క విషయాన్ని మాత్రం బతిమాలుకుని చెబుతున్నాను. ఎంత చలి వేసినా సరే, బొగ్గుల కుంపటిని, చలిమంటలోంచి తీసిన నిప్పులను, గ్యాస్ స్టవ్‌ను, గ్యాస్ హీటరును టెంటు లోపలికి తేవద్దు. ఆరిపోవస్తున్న నిప్పులే కదా అని కూడా తేవద్దు. ఆ నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి; నిద్రలో ఉన్నవారికి అవి కూడా తెలియవు, మెలకువ రాకుండానే ప్రాణం పోతుంది. బట్టకు నిప్పు అంటుకునే ప్రమాదం దానికి తోడు. ముసలివారికి చలిగా ఉందని ప్రేమతో చేసిన పని ఇలాంటి ఘోరానికి దారితీయకూడదు. భరించలేనంత చలి అయితే కారులో కూర్చోవడంలో, క్యాంపువారిని గది అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. కారులో హీటరు వేసుకుంటే పొగ బయటికి పోయే గొట్టం ముందు అడ్డేమీ లేదని చూసుకుని, కిటికీ కొద్దిగా దించి, ఒకరు మేలుకుని ఉండాలి.

ఇప్పుడు టెంటు సంగతి. మీవారు కొన్నారని రాశారు గాని, దాన్ని విప్పి చూశారో లేదో రాయలేదు. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు మీ డాబా మీద దాన్ని నిలబెట్టండి. స్లాబులో మేకులు దిగవు కాబట్టి నాలుగు మూలలా నీళ్లు నింపిన క్యాన్లు పెట్టి తాళ్లు వాటికి కట్టండి. కడ్డీలు ఏది దేనిలో దూరాలో, పైగుడ్డ ఏ వైపు తిరగాలో తెలుసుకోవడానికి మొదటిసారి ముప్పావుగంట పట్టినా ఆశ్చర్యం లేదు. మూడోసారికి పావుగంటలో అయిపోతుంది. ఒకసారి చీకటి పడ్డాక టార్చి వెలుగులో కూడా వేసి చూడండి. మేకులు లెక్కపెట్టండి. మీ దగ్గరలో ఖాళీ స్థలం ఉంటే అక్కడ రెండు మేకులు దిగ్గొట్టి చూడండి. మేకు తల టెంటుకు ఎడంగా వాలి, మొన టెంటు వైపు ఉండేలా ఏటవాలుగా కొట్టాలి. చిన్న సుత్తి మర్చిపోతే అక్కడ రాయి కోసం వెతుక్కోవాలి.

ఆ తర్వాత ఒక శనివారం రాత్రి అందరూ డాబా మీదే, అదే టెంటులో, అదే పక్కల మీద తెల్లవారేదాకా పడుకోండి. మీరు అడిగిన ప్రశ్నల్లో సగానికి ఆ ఒక్క రాత్రే జవాబు చెబుతుంది. అబ్బాయి చీకటికి భయపడతాడా, టార్చి ఎక్కడ పెడితే చేతికి అందుతుంది, జిప్పు లోపలి నుంచి తీయడం అమ్మాయికి వచ్చా, అందరూ పడుకున్నాక సంచులకు చోటు మిగులుతుందా అన్నవన్నీ అక్కడే తేలిపోతాయి. ఏదైనా బాగాలేకపోతే మెట్లు దిగి ఇంట్లోకి వెళ్లిపోవచ్చు. ఆ వీలు కొండ మీద ఉండదు.

మీ అత్తగారి విషయంలో ఆ రాత్రి మరీ ముఖ్యం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి చలి కంటే కష్టమైనది నేల మీది నుంచి లేవడం, అదీ తల ఎత్తడానికి వీల్లేని టెంటులోంచి వంగి, మోకాళ్ల మీద పాకి బయటికి రావడం. రాత్రిపూట బాత్‌రూముకు రెండుసార్లు లేవాల్సి వస్తే రెండుసార్లూ ఆ బాధ పడాలి. నా సలహా అడిగితే, క్యాంపులో గది ఉంటే ఆమెకు గది తీసుకోండి, తోడుగా అమ్మాయిని ఉంచండి. రాత్రి తొమ్మిది వరకు చలిమంట దగ్గర అందరితో కూర్చుని, తర్వాత మంచం మీద నిద్రపోయిన పెద్దావిడ మర్నాడు ఉదయం మంచు చూడటానికి ఉత్సాహంగా వస్తారు; రాత్రంతా నిద్రలేని మనిషికి ఆ మంచు చూసినా సంతోషం కలగదు. ఆమె టెంటులోనే ఉంటానని పట్టుబడితే గుమ్మం పక్కనే గట్టి ప్లాస్టిక్ కుర్చీ వేయండి. దాని చేతులు పట్టుకుని లేవడానికి ఆసరాగా ఉంటుంది. బీపీ మాత్రలు రెండు రోజులవి అదనంగా తీసుకుని, సగం ఆమె సంచిలో, సగం మీ సంచిలో పెట్టండి.

ప్రయాణం రోజున పెందలాడే బయలుదేరండి. డిసెంబరులో మీ వైపు సాయంత్రం ఐదున్నరకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. కొండల మధ్య ఎండ అంతకంటే ముందే పోతుంది. మధ్యాహ్నం మూడు గంటలకు అక్కడ ఉంటే వెలుతురు ఉండగానే టెంటు వేసి, పక్కలు పరిచి, పిల్లలకు బాత్‌రూము దారి చూపించవచ్చు. నర్సీపట్నం దాటాక ఘాట్ రోడ్డు వస్తుంది, మలుపులకు పిల్లలకు వాంతులవుతాయి కాబట్టి ఆ ముందు కడుపు నిండా పెట్టకండి, ఫోను చేతికి ఇవ్వకండి. పొగమంచులో ఘాట్ దిగాల్సి వస్తే హెడ్‌లైటు డిమ్‌లో ఉంచాలి. హైబీమ్ వేస్తే తెల్లని గోడ తప్ప ఏమీ కనిపించదు. మంచు విడిచాకే బయలుదేరితే మరీ మంచిది.

జాగా ఎంచుకునేటప్పుడు అందమైన చోటు కంటే ముందు నేల చూడండి. గుంట అయితే చల్లగాలి, నీరు రెండూ అక్కడికే చేరతాయి. కొద్దిగా ఎత్తుగా, చదునుగా ఉన్న చోట, రాళ్లు, పుల్లలు ఏరేసి వేయండి. వాలు తప్పకపోతే తల ఎత్తు వైపు పెట్టుకోండి. ఆ ప్రాంతంలో కాఫీ తోటలకు నీడగా పెంచే సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు చూడటానికి ఎంతో బాగుంటాయి గాని, తల ఎత్తి చూసి ఎండుకొమ్మ కనిపిస్తే దాని కింద టెంటు వేయవద్దు. కింద పరిచే టార్పాలిన్ పట్టా టెంటు అడుగు కంటే బయటికి పొడుచుకు రాకూడదు, వస్తే జారిన మంచునీరంతా దాని మీద చేరి టెంటు కిందికి పోతుంది. చలి అని కిటికీలన్నీ మూసేస్తే మన ఊపిరిలోని తేమే గుడ్డకు పట్టి తెల్లవారుజామున మొహాల మీద బొట్లు బొట్లుగా రాలుతుంది. పైనున్న గాలి కిటికీని కొద్దిగా తెరిచే ఉంచండి. బయట వదిలిన చెప్పులు, తువ్వాళ్లు పొద్దున్నకి పిండితే నీళ్లు కారేంతగా తడుస్తాయి.

తిండికి హైరానా పడకండి, ఒక్క రాత్రే కదా. మొదటి రోజు మధ్యాహ్నానికి చింతపండు పులిహోర ఇంటి నుంచి తెచ్చుకోండి. రాత్రికి క్యాంపువారి భోజనం దొరికితే అదే తినండి. ఆ దారిలో దొరికే బొంగులో చికెన్ వేడివేడిగా తింటేనే రుచి. పొద్దున్నకి మాత్రం ఉప్మా మీరే చేసుకోవచ్చు. ఇంట్లోనే బొంబాయి రవ్వను నేతిలో దోరగా వేయించి, ఆవాలు, మినప్పప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి, తడి లేకుండా వేయించిన కరివేపాకు, సరిపడా ఉప్పు కలిపి డబ్బాలో పోసుకుంటే, అక్కడ గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల నీళ్లు మరిగించి పోయడమే పని. అయిదు నిమిషాల్లో అయిదుగురికి పొగలు కక్కే ఉప్మా తయారు. స్టవ్ సంగతి అడిగారు కదా, చిన్న సిలిండరు స్టవ్ ఒకటి చాలు. టెంటుకు దూరంగా, బయట, గాలికి అడ్డంగా ఒక పళ్లెం నిలబెట్టి వాడండి. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లు లెక్కపెట్టుకోండి. వాగు నీళ్లు ఎంత తేటగా కనిపించినా తెర్లేలా మరిగించకుండా తాగవద్దు.

పాముల గురించి అడిగారు. భయం అవసరం లేదు, క్రమశిక్షణ అవసరం. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారి పక్కల్లోకి వస్తుంది, దాని కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియనివ్వదు. నేల మీద చాప పరుచుకుని పడుకోవడం కంటే జిప్పు మూసిన టెంటు ఎంతో మేలు, ఆ జిప్పు ఎప్పుడూ మూసి ఉంటేనే. ఒక్క నిమిషానికే కదా అని తెరిచి వెళ్లే అలవాటును డాబా మీదే మాన్పించండి. బూట్లు తొడుక్కునే ముందు బోర్లించి దులపాలి, చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయకూడదు. ఒకవేళ కాటు పడితే తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయవద్దు. మనిషిని కదలనీయకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆసుపత్రి ఎంత దూరమో, రాత్రి వాహనం దొరుకుతుందో లేదో క్యాంపువారిని ముందుగానే అడిగి కాగితం మీద రాసుకోండి, కొండల్లో ఫోను సిగ్నలు అన్నిచోట్లా ఉండదు. ఇక పాముల కంటే దోమల గురించి ఎక్కువ జాగ్రత్త పడండి. ఏజెన్సీలో మలేరియా ఎప్పటినుంచో ఉంది. సాయంత్రం నుంచి చేతులు, కాళ్లు కప్పే బట్టలు వేయండి, దోమల క్రీము రాయండి. తిరిగొచ్చాక కొన్ని వారాలలోపు ఎవరికైనా జ్వరం వస్తే, ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుతో తప్పక చెప్పండి.

చలిమంట క్యాంపువారు చూపిన చోటే వేయాలి. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం; పైగా ఎండుటాకుల మీద పడిన ఒక్క నిప్పురవ్వ చేసే నష్టాన్ని అక్కడ బతికే గిరిజనులు భరించాల్సి వస్తుంది. పడుకునే ముందు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ నీళ్లు పోసి, అరచేతి వెనక వైపు దగ్గరగా పెట్టి వేడి లేదని తెలిశాకే లేవండి. స్పీకరు ఇంట్లోనే వదిలి వెళ్లండి. మంట దగ్గర పిల్లలకు చెప్పడానికి కథ కావాలంటే వెతుక్కోనక్కర్లేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం ముట్టడించిన చింతపల్లి పోలీసు స్టేషను ఆ చుట్టుపక్కలదే.

ప్రశ్న: పిల్లలతో వికారాబాద్ అనంతగిరి వైపు మొదటిసారి టెంటు వేసుకోవడానికి వెళ్తున్నాం. టెంటు కొనడం మంచిదా, అద్దెకు తీసుకోవడం మంచిదా? మేము నలుగురం, నలుగురు పట్టే టెంటు సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: మొదటిసారికి అద్దెకే తీసుకోండి. మీ ఇంట్లోవారికి ఇది నచ్చుతుందో లేదో తెలియకముందే వేల రూపాయలు పెట్టి కొన్న టెంట్లు ఎన్నో అటకల మీద ఉన్నాయి. ఆ డబ్బులో కొంత మంచి మ్యాట్లకు, తలకు కట్టుకునే టార్చిలకు ఖర్చు పెడితే టెంటు ప్రయాణం మళ్లీ చేయకపోయినా అవి ఇంట్లో పనికొస్తాయి. నలుగురి టెంటు అంటే నలుగురు భుజాలు తాకుతూ పడుకోవడానికి సరిపడా నేల అని అర్థం, సామానుకు చోటు అందులో లేదు. పిల్లలు చిన్నవారైతే సర్దుకోవచ్చు, పన్నెండేళ్లు దాటినవారైతే ఆరుగురిది అడగండి. అద్దె టెంటును తీసుకునే చోటే ఒకసారి విప్పించి, జిప్పులు నాలుగుసార్లు లాగి, కడ్డీలు చీలాయేమో వేలితో తడిమి చూడండి.

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో ఉంటాం. గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలను, ఇద్దరు పిల్లలను తీసుకుని వేసవిలో యోసెమిటీ నేషనల్ పార్కులో మొదటిసారి టెంటులో ఉండబోతున్నాం. అక్కడ ఎలుగుబంట్లు వస్తాయంటే అమ్మ కంగారు పడుతోంది. మన వంటలకు ప్రత్యేకంగా జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?
– ఒక పాఠకుడు, శాన్‌హోజే

జవాబు: మీ అమ్మగారికి ముందు ఈ మాట చెప్పండి. అక్కడి నల్ల ఎలుగుబంటికి కావలసింది మనుషులు కాదు, తిండి వాసన. వాసన లేకుండా చూసుకుంటే అది మీ టెంటు వైపు రావడానికి కారణం ఉండదు. అందుకే పార్కువారు ప్రతి జాగాలో ఒక ఇనుప పెట్టె ఉంచుతారు, తినేవన్నీ, వాసన వచ్చేవన్నీ అందులోనే పెట్టి గడియ వేయాలన్నది నిబంధన. రాత్రిపూట కారులో కూడా తిండి ఉంచకూడదు. ఎలుగు కారు తలుపును వంచి లోపలికి దూరగలదు.

తిండి అనగానే మనకు అన్నం, కూర గుర్తొస్తాయి గాని, మన ఇళ్లలో వాసన వచ్చే వస్తువులు అంతకంటే చాలా ఉన్నాయి. ఆవకాయ సీసా, ఇంగువ డబ్బా, నెయ్యి, పొడులు సరేసరి. అమ్మగారి కొబ్బరినూనె సీసా, నాన్నగారి సంచిలోని వక్కపొడి, నొప్పులకు రాసుకునే బామ్, అగరుబత్తులు, టూత్‌పేస్టు, సబ్బు, పిల్లల కారు సీటు సందుల్లో పడిన బిస్కెట్ ముక్కలు కూడా ఆ పెట్టెలోకో, చెత్తడబ్బాలోకో వెళ్లాలి. చేతిసంచులు, జేబులు సాయంత్రం ఒకసారి అందరూ కలిసి వెతకండి, పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది. పెట్టె కొలతలు ముందే చూసుకుని వంట సామాను తగ్గించండి. పెట్టె నిండిందని ఒక సంచి బయట వదలడమే చాలామంది చేసే పొరపాటు. పోపు ఘాటు వచ్చే వంటలు ఇంట్లోనే ముగించుకుని, అక్కడ వేడి చేసుకునేలా చూసుకుంటే గిన్నెలు కడిగే పని కూడా తగ్గుతుంది.

ఒక జాగాకు పిల్లలతో కలిపి ఆరుగురే ఉండాలి, మీరు సరిగ్గా ఆరుగురు కాబట్టి చివరి నిమిషంలో స్నేహితులను కలుపుకోవద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దం పాటించాలి. అమ్మగారు తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇండియాకు వీడియో కాల్ చేసే అలవాటు ఉన్నవారైతే ఆ సంగతి ముందే చెప్పండి. కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్లకండి. చెట్లను చంపే పురుగులు కట్టెల్లో దాగి ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరుతాయి కనుక వాటిని కాల్చే చోటుకు దగ్గరలోనే కొనాలి. వేసవి అని తేలికగా తీసుకోకండి, ఆ ఎత్తులో రాత్రులు చల్లగా ఉంటాయి. మొదటి జవాబులో పక్కల గురించి రాసినదంతా మీ తల్లిదండ్రులకు కూడా వర్తిస్తుంది.

ప్రశ్న: పిల్లలతో మొదటి క్యాంపుకు స్నేహితుల దగ్గర టెంటు అడిగి తెచ్చుకున్నాం. విప్పితే బూజు వాసన వస్తోంది, అడుగు భాగం చేతికి జిగటగా తగులుతోంది. వాషింగ్ మెషీన్‌లో వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మెషీన్‌లో వేయకండి, నీరు దిగకుండా గుడ్డకు వేసిన పూత చెడిపోతుంది. బూజు వాసన ఒక్కటే అయితే నయం చేయవచ్చు. గోరువెచ్చని నీళ్లలో కొంచెం మెత్తని సబ్బు కలిపి, స్పాంజితో రుద్ది, బాగా జాడించి, నీడలో రెండు రోజులు ఆరబెట్టండి. జిగట మాత్రం వేరే సంగతి. ఆ పూత లోపల విరిగిపోయిందని దానర్థం, అది మళ్లీ బాగుపడదు. అనుమానం ఉంటే అడుగు భాగాన్ని నాలుగు వైపులా ఎత్తి పట్టుకుని ఒక చెంబు నీళ్లు పోసి, పది నిమిషాల తర్వాత కింద చేయి పెట్టి చూడండి. తడి తగిలితే ఈ ప్రయాణానికి వేరే టెంటు అద్దెకు తీసుకోండి. ఏ టెంటు వాడినా, తిరిగి ఇచ్చేటప్పుడు తడిగా మడవకుండా, ఇంటికి వచ్చిన రోజే డాబా మీద దండేనికి వేసి, కుట్లు, మూలలు కూడా పూర్తిగా ఆరాకే చుట్టి ఇవ్వండి.